నిద్రగన్నేరు కొమ్మలు దించాలి: ముందు ఏ సామాను కొనాలి?

కానుగనీడ, తిరుపతి
అందరికీ నమస్కారం. తిరుచానూరు రోడ్డు వైపు ఒక సందులో పాత నిద్రగన్నేరు ఉంది. ఎత్తు 45 అడుగులు, ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత 8 అడుగులు. ఒక పెద్ద కొమ్మ రేకుల ఇంటి మీదికి, ఇంకోటి 11 కె.వి. లైను వైపు సాగాయి. వాయుగుండాలు మొదలయ్యేలోపు రెండూ తగ్గించాలి. అనుమతి కాగితం వచ్చేసింది. పనికి నలుగురం, ఎక్కేది ఇద్దరు. ఇప్పుడున్న సామాను మచ్చుకత్తి, చేతిరంపం, కేజీల లెక్కన అమ్మే తాడు. సరైన సామాను కొనాలనుకుంటున్నాం గానీ అన్నీ ఒకేసారి కొనే డబ్బు లేదు. రంపం మిషన్ ముందా, ఇంకేదైనా ముందా?

మోకుతాడు, చంద్రగిరి
తాడు ముందన్నా. తర్వాత బెల్టు, హెల్మెట్. రంపం మిషన్ నాలుగోది. చేతిరంపంతో పని ఆలస్యమవుతుంది, అంతకు మించి నష్టం లేదు.

అంగళ్ళలో నీలం, పసుపు రంగుల్లో మెరుస్తా ఉండే తాడు చాలావరకు పాలీప్రొపిలీన్. అది సుమారు 160 డిగ్రీలకే కరుగుతుంది. తాడు మీద తాడు రాసుకుంటా మనిషి బరువు వేగంగా దిగితే ముడి దగ్గర ఒరుసుకుని ఆ పోగులు అతుక్కుపోతాయి. ఎండ తగిలితే పెళుసవుతుంది. వేళ్ళ మధ్య రుద్దినప్పుడు తెల్ల పొడి రాలితే దాని పని అయిపోయినట్టే. కింద పడిన కొమ్మలు లాగడానికి వాడుకోండి, మనిషిని మాత్రం దాని మీద వేలాడదీయొద్దు.

ఎక్కే తాడు 11.5 నుంచి 13 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పాలియెస్టర్ లేదా నైలాన్ అల్లికది, లోపల గుండె, పైన తొడుగు ఉండేది అడగండి. చీటీ మీద తెగే బలం 22 కిలోన్యూటన్లకు తక్కువ ఉండకూడదు. మన లెక్కలో దాదాపు 2,240 కిలోల లాగుడు. 70 కిలోల మనిషికి ఇంత ఎందుకని అడుగుతారు. ముడి వేసిన చోట తాడు బలం మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. పాతబడే కొద్దీ ఇంకొంత పోతుంది. జారి నాలుగడుగులు పడి ఆగితే ఆ కుదుపు ఒంటి బరువుకు ఎన్నో రెట్లు. వీటన్నింటినీ ఓర్చుకోవాలి కాబట్టి అంత బలం.

పొడవు: తాడు పంగ మీదుగా పోయి మళ్ళీ నేలకు రావాలి. 45 అడుగుల చెట్టుకు 30 మీటర్లు సరిగ్గా చాలుతుంది. 45 మీటర్లది తీసుకోండి, కొసలు అరిగినప్పుడు కోసేసుకోవచ్చు. కింది కొసకు ఎనిమిది ఆకారపు ముడి తప్పకుండా వేయాలి. తాడు చాలక కొస జారిపోయి పడకుండా కాపాడేది ఆ ముడే.

దీంతోపాటు 3, 4 మీటర్ల పొట్టి తాడు ఒకటి కావాలి, మాను చుట్టూ తిప్పి బెల్టుకు రెండు తుంటుల దగ్గరుండే రింగులకు తగిలించుకోవడానికి. రంపం ఆన్ చేసే ప్రతిసారీ ఒంటికి రెండు ఆధారాలు ఉండాలి: పెద్ద తాడు ఒకటి, ఈ పొట్టి తాడు ఒకటి. రంపం జారి ఒకదాన్ని కోసినా రెండోది మోస్తుంది. లోపల ఉక్కు తీగ ఉన్న పొట్టి తాళ్ళు దొరుకుతాయి, పళ్ళు తగిలినా వెంటనే తెగవు. కరెంటు తీగలున్న వైపు మాత్రం ఉక్కు తీగది వద్దు.

కానుగనీడ
బెల్టు అంటే కట్టడాల దగ్గర వాడే ఆరెంజ్ రంగు బెల్టు సరిపోతుందా?

మోకుతాడు
ఐఎస్ 3521 ముద్ర ఉన్న పూర్తి ఒంటి బెల్టు మంచిదే. కాకపోతే వీపు మీద ఒక్క రింగు ఉన్నది పడిపోతే పట్టడానికి చేసినది, కూర్చుని పనిచేయడానికి కుదరదు. తొడలకు వెడల్పాటి పట్టీ, రెండు తుంటుల దగ్గర రింగులు, ముందు బొడ్డు దగ్గర ఒక రింగు ఉన్నది అడగండి. సన్న పట్టీల మీద అరగంట వేలాడితే తొడల్లో రక్తం ఆగి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మనిషి స్పృహతప్పి బెల్టులో కదలకుండా వేలాడితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కిందున్న వాళ్ళలో ఒకరికి ఎక్కడం, పైవాణ్ణి దించడం తెలిసి ఉండాలి. ఆ మనిషి ఒంటిమీద కూడా పొద్దున్నుంచే బెల్టు ఉండాలి.

హెల్మెట్ ఐఎస్ 2925 ది, గడ్డం పట్టీతో. పట్టీ లేనిది తల వంచి కిందికి చూసిన మొదటిసారే రాలిపోతుంది.

ఆకురాయి, చిత్తూరు
మోకుతాడు చెప్పిన వరస సరైనదే. ఇక రంపం సంగతి.

పైన వాడడానికి 30, 35 సీసీ మిషన్, 12 లేక 14 అంగుళాల బార్ (చైన్ తిరిగే పట్టా) చాలు. కింద దుంగలు తుంచడానికి 45 సీసీ పైన, 18 అంగుళాల బార్. ఒక్కటే కొనగలిగితే చిన్నది కొనండి, పెద్దది రోజు బాడుగకు తెచ్చుకోవచ్చు. మూడు అంగుళాల లోపు కొమ్మకు అసలు మిషన్ ఎత్తనక్కర్లేదు. వంపు తిరిగిన చేతిరంపం, లాగేటప్పుడు కోసే పళ్ళది, త్వరగానే తెంపేస్తుంది. పైన జరిగే కోతల్లో సగం పైగా దానితోనే అయిపోతాయి.

పెట్రోలు: టూ స్ట్రోక్ మిషన్‌కు మంచి ఆయిల్ అయితే 50 కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. డబ్బా మీద 25 కి 1 అని ఉంటే లీటరుకు 40. కళ్ళ అంచనాతో పోయొద్దు, కొలత సీసా వాడండి. తక్కువైతే పిస్టన్ గీసుకుపోతుంది, ఎక్కువైతే ప్లగ్ నల్లబడి మిషన్ ఆగిపోతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, అది గాల్లో తేమను పీలుస్తుంది. కలిపిన పెట్రోలు నెల దాటి ఉంచొద్దు. వానాకాలంలో అయితే రెండు వారాలకు సరిపడా మాత్రమే కలపండి. పది రోజులకు మించి మిషన్ పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది కాలిపోయేదాకా స్టార్ట్‌లో ఉంచి ఆపండి. లేకపోతే లోపలి రబ్బరు పొర బిరుసెక్కుతుంది. తర్వాత ఎంత లాగినా అంటుకోదు.

చైన్ ఆయిల్: మన వైపు చాలామంది లారీ షెడ్డు నుంచి తెచ్చిన కాలిన ఇంజన్ ఆయిల్ పోస్తారు. దయచేసి ఆపండి. అందులో సన్న ఇనుప రజను ఉంటుంది, ఆయిల్ పంపును, బార్ గాడిని అరగదీస్తుంది. ఆ తుంపర రోజంతా మీ చేతుల మీద, ముఖం మీద పడుతుంది. కాలిన ఆయిల్ చర్మానికి క్యాన్సర్ తెచ్చే సరుకు. పచ్చి చెట్టు గాయంలోకి కూడా అదే పోతుంది. చైన్ ఆయిల్ దొరక్కపోతే కొత్త ఇంజన్ ఆయిల్ పోయండి. పెట్రోలు ట్యాంకు ఒకటి అయిపోయేసరికి ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు ఖాళీ కావాలి. ఆయిల్ మిగిలిపోతోందంటే రంధ్రం మూసుకుంది. బార్ కొసను తెల్ల కాగితం వైపు చూపించి రేజ్ చేస్తే ఆయిల్ గీత పడాలి.

పదును చూపులోనే తెలుస్తుంది. పొట్టు రేకులుగా రాలితే పదును ఉంది. పిండిలా రాలితే పోయింది. మిషన్‌ను మీరు నొక్కాల్సి వచ్చిందంటే వెంటనే ఆపి పళ్ళకు పదును పెట్టండి. గుండ్రటి ఆకురాయి మందం చైన్ పిచ్‌ను (లింకుల మధ్య కొలత, అంగుళాల్లో) బట్టి: 3/8 సన్న రకానికి 4 మిల్లీమీటర్లు, .325 కు 4.8, పెద్ద 3/8 కు 5.2. మీ చైన్ పిచ్ బార్ మీద ముద్రించి ఉంటుంది, చదివి కొనండి. పంటి మీద ఉన్న గీతకు సమానంగా, 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ప్రతి పంటికీ ఒకే లెక్క, మూడో నాలుగో తోపులు. కుడి పళ్ళకు నాలుగు, ఎడమ పళ్ళకు రెండు వేస్తే రంపం కొడవలిలా వంకరగా కోస్తుంది. నాలుగైదుసార్లు పదును పెట్టినాక పంటి ముందుండే మెట్టును చదును ఆకురాయితో తగ్గించాలి, పంటికంటే 0.65 మిల్లీమీటరు కింద ఉండేట్టు. అంతకు మించి తగ్గిస్తే మిషన్ కొరికి ఎగురుతుంది.

మన ఊళ్ళ చెట్లలో ఇంకో గొడవ ఉంది. మానులో మేకులు, బ్యానర్ తీగలు, పాత ఇనుప కంచె ఉంటాయి. పండుగ దీపాల కోసం కొట్టిన మేకు చుట్టూ బెరడు పెరిగి మూసుకుపోతుంది. మనిషి చేతికి అందే ఎత్తు వరకూ మానును అనుమానంతో చూడండి. ఉబ్బు, నల్ల మరక ఉన్నచోట కోత పెట్టొద్దు. పాత చైన్ ఒకటి దానికోసమే ఉంచుకోండి.

చేవకట్టె, పాకాల
ఆకురాయి గారు రాసినదానికి ఒకటి కలుపుతాను. బార్ కొసలో పై పావు భాగం గట్టి చెక్కకు తగిలితే మిషన్ ఒక్కసారిగా ముఖం మీదికి ఎగురుతుంది. పైన ఉన్నప్పుడు ఒంటిచేత్తో రంపం పట్టడం ఇందుకే వద్దు. ఎడమ బొటనవేలు పిడి చుట్టూ పూర్తిగా తిరిగి ఉండాలి. ఎడమ చెయ్యి ఆ పిడి మీద ఉంటేనే మిషన్ ఎగిరినప్పుడు చైన్ బ్రేకు సరిగా పడుతుంది. కొమ్మ మీద ఒక అడుగు జరగాలన్నా ముందు బ్రేకు వేయండి. వేడెక్కిన చైన్ సాగుతుంది కాబట్టి మధ్యలో బిగిస్తాం. సాయంత్రం ఆపేముందు మళ్ళీ వదులు చేయాలి, లేకపోతే రాత్రి చల్లారి ముడుచుకుని క్రాంకును పట్టేస్తుంది.

ఇక కోత. నిద్రగన్నేరు కొమ్మలు అడ్డంగా చాలా దూరం సాగుతాయి, బరువంతా కొసలో ఉంటుంది. పైనుంచి ఒక్క కోత పెడితే సగం తెగేసరికి కొమ్మ వంగి, కింద బెరడును మాను దాకా చీల్చుకుని పడుతుంది. అందుకే మూడు కోతలు.

మొదటిది మాను నుంచి అడుగు దూరంలో కింది వైపు నుంచి, మందంలో నాలుగో వంతు. బార్ పట్టేసేదాకా పోవద్దు. రెండోది దానికి రెండంగుళాలు బయట, పైనుంచి పూర్తిగా. కొమ్మ విరిగి పడిపోతుంది, మొండి మిగులుతుంది. మూడోది ఆ మొండిని తీసేయడం. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. కొమ్మ మానును కలిసేచోట ఉంగరంలా ఒక ఉబ్బు ఉంటుంది, పైన బెరడు ముడతపడి గీతలా కనిపిస్తుంది. ఆ ఉబ్బుకు సరిగ్గా బయట కోయాలి. మానుకు నున్నగా అంటి కోస్తే ఆ ఉబ్బు పోతుంది. గాయాన్ని చుట్టూ పెరిగి మూసేది ఆ ఉబ్బులోని కణజాలమే. జానెడు మొండి వదిలినా మూయలేదు, అది ఎండి, కుళ్ళి, తొర్రగా మానులోకి దిగుతుంది.

ఒక ఏడాదిలో పచ్చని కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తీయొద్దు. తల మొత్తం మొండెం చేస్తే చెట్టు భయపడినట్టు వందల చిగుళ్ళు వేస్తుంది. అవి బెరడుకు పైపైనే అంటుకుని ఉంటాయి. మూడేళ్ళలో లావెక్కి గాలికి ఊడి పడేవి అవే. వీధిలో చెట్టు ప్రమాదం తగ్గించాలని చేసిన పని ప్రమాదాన్ని పెంచుతుంది.

పుత్తూరు_తోపు
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. కోసినచోట బోర్డో పేస్టు పూయాలా వద్దా? మా తోటల్లో మామిడికి పూస్తా ఉండాము. వీధి చెట్లకు తారు పూసినారు కొందరు.

చేవకట్టె
తారు, పెయింటు వద్దు. చెట్టు గాయాన్ని చర్మం లాగా మాన్చుకోదు, లోపల అడ్డుగోడలు కట్టి కుళ్ళును ఆపుతుంది. 1977లో అమెరికా చెట్ల శాస్త్రవేత్త అలెక్స్ షైగో ఈ సంగతిని చెట్లను నిలువునా చీల్చి చూపించారు. పెయింటు కింద తేమ నిలిచి కుళ్ళు పెంచే బూజుకే మేలు జరుగుతుంది.

పుత్తూరు_తోపు
వీధి చెట్టుకు సరే. మామిడికి మాత్రం నేను ఒప్పుకోను. తోతాపురిలో కొమ్మ ఎండు తెగులు ఉన్న తోటలో పచ్చి కోత వదిలేస్తే ఆ బూజు నేరుగా లోపలికి పోతుంది. ఎండిన కొమ్మను పచ్చి చెక్కలోకి మూడు నాలుగంగుళాలు లోపలికి కోసి అదే రోజు పేస్టు పూయాల్సిందే.

పేస్టు లెక్క: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు 10 లీటర్లు. ఐదు లీటర్లలో మైలుతుత్తం, ఇంకో ఐదు లీటర్లలో సున్నం వేరువేరుగా ప్లాస్టిక్ బక్కెట్లలో కలిపి, మైలుతుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలోకి పోస్తా కలియబెట్టాలి. ఇనుప బక్కెట్టు వద్దు. పాత చాకు ముంచి నిమిషం తర్వాత తీస్తే దాని మీద రాగి రంగు పట్టకూడదు. పట్టిందంటే ఇంకా కొంచెం సున్నం వేయాలి. చేసిన రోజే వాడేయాలి.

చేవకట్టె
మీ మాట ఒప్పుకుంటాను. పేస్టు బూజుమందుగా పనిచేస్తుంది, గాయం మూయడానికి కాదు. తెగులున్న తోటకు వాడండి. మామిడికి వేళ కూడా ముఖ్యం: జూలైలో కాయ తెంపుడు అయిన వెంటనే కోత మొదలుపెట్టి ఆగస్టుకల్లా ముగించాలి. తర్వాత వచ్చే చిగురు డిసెంబరు నాటికి ముదరాలి కదా. ఆలస్యం చేస్తే ఆ కొమ్మకు వచ్చే ఏడు పూత ఉండదు. నడిమధ్యలో నిలువుగా పోయే ఒకటి రెండు కొమ్మలు తీస్తే వెలుగు లోపలికి దిగుతుంది. పాత చెట్టును బాగా తగ్గించినప్పుడు ఎండ నేరుగా తగిలే కొమ్మలకు సున్నం కొట్టండి, బెరడు పగలదు.

మామిడి సొన సంగతి కొత్తవాళ్ళకు చెప్పండి. పచ్చి కోత నుంచి చిమ్మిన సొన చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ఇంకా కష్టం. పొడుగు చేతుల చొక్కా, కళ్ళద్దాలు తప్పనిసరి.

లైన్‌క్లియర్, రేణిగుంట
అసలు చెట్టు దగ్గరికి వస్తాను. 11 కె.వి. వైపు కొమ్మ అన్నారు. ఎల్.సి. (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) లేకుండా ఆ కొమ్మను ముట్టుకోవద్దు. తీగను తాకకపోయినా ప్రమాదమే. పచ్చి కొమ్మ, తడి తాడు, చెమటతో తడిసిన బెల్టు, అన్నింటిలో కరెంటు పారుతుంది. అల్యూమినియం నిచ్చెన, ఇనుప దోటి ఆ సందులోకే తేవొద్దు.

సెక్షన్ ఆఫీసులో ముందు రోజే రాసిచ్చి తేదీ, వేళ తీసుకోండి. ఎల్.సి. తీసుకునేది లైన్‌మన్, మీరు కాదు. ఆయన పనిచోటికి వచ్చేదాకా ఎవరూ ఎక్కొద్దు. ఆయనను మూడు అడగండి. ఏ ఫీడరు ఆపారు? ఒకే స్తంభం మీద పైన 11 కె.వి., కింద ఇళ్ళ లైను ఉంటే రెండూ ఆపారా? పనిచోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్డు తగిలించారా? మూడోదే అన్నిటికంటే ముఖ్యం. లైను ఆపినా ఏదో ఇంట్లో జనరేటరు తప్పుగా కలిపి ఉంటే కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్ గుండా 11 కె.వి. తీగలోకి ఎక్కుతుంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. ఫోనులో "ఆపేశాం, ఎక్కండి" అంటే ఎక్కొద్దు, రాడ్డు కళ్ళతో చూశాకే ఎక్కాలి. దిగినాక అందరినీ లెక్కపెట్టి, సామాను దించి, అప్పుడు లైన్‌మన్‌కు చెప్పండి.

కానుగనీడ
చాలా సంతోషం. రెండు సందేహాలు. 45 అడుగుల మీదికి తాడు ఎక్కించడం ఎట్ల? రేకుల ఇంటి మీద కొమ్మను కింద పడకుండా దించడం ఎట్ల?

మోకుతాడు
ఎక్కించడం: 300, 400 గ్రాముల ఇసుక పోసిన గట్టి గుడ్డ సంచి, దానికి 2 మిల్లీమీటర్ల నున్నటి దారం. కాళ్ళ మధ్య ఊపి పంగ మీదుగా విసరాలి. దారం దిగినాక దానికి పెద్ద తాడు కట్టి లాగడం. పంగలో ఒక కొమ్మ మాత్రం కాకుండా మాను కూడా తాడు లోపల ఉండేట్టు చూడండి. ఆధారం కొమ్మ పచ్చిగా, కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలి. ఎక్కేముందు ఇద్దరు కలిసి తాడు మీద వేలాడి కుదిపి చూడాలి. ఎండు చప్పుడు వచ్చినా, బెరడు రాలినా ఇంకో పంగ.

చెట్టు రకాన్ని బట్టి నమ్మకం మారుతుంది. చింత కొమ్మ వంగుతుంది గానీ విరగదు, మన జిల్లాలో అంత నమ్మకమైన చెట్టు లేదు. కానుగ ఫరవాలేదు. నేరేడు, తురాయి పచ్చిగా ఉన్నా పుటుక్కున విరుగుతాయి. మునగచెట్టు ఎక్కించడం అనే మాట ఊరికే పుట్టలేదు. నిద్రగన్నేరు లావు కొమ్మలు గట్టివే, కాకపోతే పాత కోతల దగ్గర లోపల డొల్ల ఉంటుంది. చెక్క సుత్తితో తట్టండి. గట్టిచోట ఠంగుమంటుంది, డొల్లచోట డబ్బా చప్పుడు.

ఎక్కే ముడి బ్లేక్ ముడి నేర్చుకోండి. పెద్ద తాడు చుట్టూ కింది నుంచి పైకి నాలుగు చుట్లు, కొసను కిందికి తెచ్చి తాడు వెనకనుంచి కింది రెండు చుట్ల లోపలగా బయటికి తీయాలి, ఆ కొసకు ఎనిమిది ముడి. నేల మీద, మోకాలి ఎత్తులో నూరుసార్లు వేసి, బరువు పెట్టి చూసినాకే పైకి. ముల్లు బూట్లు మాత్రం నరికేయబోయే చెట్టుకే వాడాలి. ప్రతి ముల్లు పోటూ బతికే చెట్టుకు గాయమే.

చేవకట్టె
దించడం: ముందు బరువు లెక్క. పచ్చి చెక్క ఘనమీటరు సుమారు ఒక టన్ను అనుకుంటే మీటరు పొడవు ముక్క 20 సెంటీమీటర్ల మందానికి 31 కిలోలు, 30 కి 70, 40 కి 125. మందం రెట్టింపైతే బరువు నాలుగు రెట్లు, దీన్ని మరిచిపోయే తాళ్ళు తెంపుతారు. ఆకులున్న కొసకు ఇంకా కలపాలి.

దించే తాడు ఎక్కే తాడు వేరువేరు. 14 లేక 16 మిల్లీమీటర్లది, రంగు మార్చి కొనండి. కోసే కొమ్మ కంటే పైన ఉన్న గట్టి పంగలో గిలక కట్టి, తాడు దాని గుండా పోనిచ్చి, కొమ్మకు జారే ఉచ్చు బిగించాలి. రెండో కొసను నేల మీద మాను చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి ఒకరు పట్టుకోవాలి. ఆ చుట్ల రాపిడే బరువు మోస్తుంది. చేతికి, నడుముకు తాడు చుట్టుకోవద్దు, చేతికి తోలు తొడుగులు ఉండాలి. గిలక కింద ముక్క ఉంటే కుదుపు తక్కువ. గిలక కంటే పైనున్న ముక్కను కోస్తే అది రెండడుగులు పడి ఆగినా పంగ మీద బరువుకు ఎన్నో రెట్లు పడుతుంది. రేకుల మీద కొమ్మను కొస నుంచి మూడడుగుల ముక్కలుగా తెండి. కొసకు ఇంకో సన్న తాడు కట్టి నేల నుంచి పక్కకు లాగుతుంటే రేకులకు తగలదు.

పిలుపులు ముందే ఖాయం చేసుకోండి. పైవాడు "పడుతుంది" అంటే కింది వాడు "ఖాళీ" అని జవాబిచ్చేదాకా చివరి కోత లేదు. మిషన్ చప్పుడులో వినపడకపోతే ఈల.

సవకతోట, సత్యవేడు
వీధి చెట్టుకు సంబంధం లేకపోయినా ఒక్క మాట, ఇక్కడ నీలగిరి, సవక నరికేవాళ్ళు చదువుతారు కాబట్టి. ఒరిగిన నీలగిరిని మామూలుగా వెనక నుంచి కోసుకుంటూ పోతే సగం తెగకముందే మాను నిలువునా చీలి, చీలిన ముక్క వెనక్కి తన్నుతుంది. ఛాతీకి తగులుతుంది. ముందు ఒరిగిన వైపు వ్యాసంలో ఐదో వంతు గాటు పెట్టండి. తర్వాత పక్క నుంచి బార్ కొసను లోపలికి గుచ్చి నడిమిది కోసేసి, ముందు పదో వంతు మందం కీలు, వెనక ఒక పట్టీ వదలండి. చివర్లో ఆ వెనక పట్టీని బయటినుంచి తెంపితే చెట్టు ఒక్కసారిగా, చీలకుండా పోతుంది. తప్పుకునే దారి ముందే శుభ్రం చేసి పెట్టుకోవాలి, పడే దిక్కుకు వెనక ఏటవాలుగా.

లైన్‌క్లియర్
ఎక్కేముందు చెట్టు మొదలు చుట్టూ తిరిగి చూశారా కానుగనీడ గారూ? కాలువ పని జరిగిందా ఆ సందులో?

కానుగనీడ
పోయిన ఏడాది రోడ్డు వైపు సిమెంటు కాలువ కట్టారు, మానుకు నాలుగడుగుల దూరంలో తవ్వారు. మాను మొదలు దగ్గర ఇంకేమీ కనపడలేదు.

చేవకట్టె
అయితే ఆ వైపు వేళ్ళు తెగాయి. గాలి వచ్చే వైపు వేళ్ళు తాడులా లాగి చెట్టును నిలబెడతాయి, ఆ వైపువే తెగి ఉంటే వాన నీళ్ళకు నేల మెత్తబడిన రోజు చెట్టు రెండో వైపుకు పోతుంది. 2021 నవంబరు వానల్లాంటివి వస్తే మామూలు గాలికే ఒరుగుతుంది. ఇల్లున్నది కాలువకు ఎదురు వైపే అయితే ఇంటి వైపు కొమ్మ బరువు తగ్గించడం మీ మొదటి పని, లైను వైపుది తర్వాత. రెండు వైపులా సమంగా తగ్గకపోతే చెట్టు ఇంకా పక్కకు తూగుతుంది కాబట్టి ఒకే వారంలో రెండూ పూర్తిచేయండి. మాను మొదట్లో మట్టిని చేత్తో కొంచెం తీసి చూడండి. గట్టి అట్టలాంటి గోధుమరంగు పుట్టగొడుగు, నేలలో కొత్త పగులు, ఒకవైపు ఉబ్బిన మట్టి, వీటిలో ఏది కనపడినా ఎక్కడం మానేసి బూమ్ లిఫ్ట్ బాడుగకు తీసుకోండి.

ఆకురాయి
తేనెపట్టు కూడా చూడండి. నిద్రగన్నేరు అడ్డ కొమ్మల కింద పెద్ద తేనెటీగల పట్టు వేలాడుతుంది. కింద నుంచి ఆకుల్లో కనపడదు, మిషన్ చప్పుడుకు లేస్తాయి. తాడు మీద ఉన్న మనిషి పరుగెత్తలేడు. ముందు రోజు పొద్దున్నా, సాయంత్రమూ పది నిమిషాలు నిలబడి కొమ్మల కింద రాకపోకలు గమనించండి. పట్టు ఉంటే తేనె తీసేవాళ్ళు రాత్రిపూట వచ్చి దించాకే పని. మామిడి, పనస మీద అయితే ఆకులు కుట్టిన ఎర్రచీమల గూళ్ళు. చొక్కా కాలర్ బొత్తం పెట్టుకోవాలి.

పుత్తూరు_తోపు
కాగితాల సంగతి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచి ఉంది, పట్టా నేలలో చెట్టు నరకడానికి కూడా అనుమతి అడుగుతారు. ఎర్రచందనం, శ్రీగంధం అయితే మీ సొంత పెరట్లో ఉన్నా అటవీశాఖ అనుమతి లేకుండా నరకడం, తరలించడం నేరం. శేషాచలం చుట్టూ రోడ్ల మీద తనిఖీలు జరుగుతా ఉంటాయి. రంపాలు, తాళ్ళు బండిలో పెట్టుకుని తెల్లవారుజామున పోయేవాళ్ళను ఆపడం మామూలే. అనుమతి కాగితం నకలు, దుంగలు ఏ అడితికి పోతున్నాయో రాసిన చీటీ బండిలోనే ఉంచండి.

కానుగనీడ
ఇల్లు కాలువకు ఎదురు వైపే ఉంది. మొదట్లో మట్టి తీసి చూశాం, పుట్టగొడుగు, పగులు లేవు. పట్టు లేదు. తాడు, బెల్టులు రెండు, హెల్మెట్లు నాలుగు, చిన్న మిషన్ తీసుకుంటున్నాం. దించే తాడు, గిలక బాడుగకు. ఇంటి వైపుది బుధవారం. లైను వైపు ఎల్.సి. గురువారం పొద్దున 9 నుంచి 12 దాకా ఇస్తామన్నారు. మూడు గంటల్లో అవుతుందా?

లైన్‌క్లియర్
9 అంటే రాడ్డు తగిలేసరికి 9:30. 11:30కి కిందికి దిగాలి. చేతిలో రెండు గంటలే. లైను వైపు పోని పనంతా బుధవారమే చేయండి.

మోకుతాడు
బుధవారం ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకు ఆపండి, మళ్ళీ మూడున్నరకు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు బెల్టులో ఉన్న మనిషికి కళ్ళు తిరిగితే దించడం కష్టం. తలా మూడు నాలుగు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు, రక్తం ఆపే గట్టి పట్టీ, ఇవి మాను మొదట్లోనే ఉండాలి, బండిలో కాదు. 108 కు చెప్పాల్సిన సందు గుర్తు ఒక కాగితం మీద రాసి నలుగురి జేబుల్లో పెట్టండి.

సాయంత్రం తాడు చెట్టు మీద వదిలి రావొద్దు, ఉడతలు కొరుకుతాయి. పైన తొడుగు బాగానే కనపడి లోపలి గుండె తెగి ఉండొచ్చు. తాడు దించేటప్పుడు దాని కొసకు ఇసుకసంచి దారం కట్టి పంగ మీదికి పోనిచ్చి, దారం మాత్రం అక్కడ వదలండి. అది లైనుకు దూరంగా ఇంటి వైపు పంగలో ఉండాలి. గురువారం రాడ్డు తగిలినాక దారంతో తాడు లాగుకుంటే ఐదు నిమిషాల్లో పైన ఉంటారు. లాగేటప్పుడు తాడు మొత్తం వేళ్ళ మధ్య నడిపించి చూడండి, మెత్తగా, సన్నగా, ఉబ్బుగా ఎక్కడ తగిలినా అక్కడ కోసేయండి.